ఆరు కోడ్‌లు, ఏడో జవాబు: జనగణన కమిషనర్‌కు బహిరంగ లేఖ

భారత రిజిస్ట్రార్ జనరల్, జనగణన కమిషనర్ గారికి,



2021లో జరగాల్సిన జనాభా లెక్కలు ఎట్టకేలకు 2027 ఫిబ్రవరిలో జరగబోతున్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి ప్రతి ఒక్కరి కులమూ అడుగుతారు కాబట్టి పార్టీలూ పత్రికలూ ఆ గడి చుట్టూనే తిరుగుతున్నాయి. మతం గడిని ఎవరూ పట్టించుకోవడం లేదు. అది ఎప్పటినుంచో ఉన్నదే కదా, అందులో కొత్తగా తేల్చేదేముందన్నది అందరి ధీమా. ఆ ధీమా తప్పని చెప్పడానికే ఈ లేఖ.

2011 ఫారంలో మతానికి ఆరు కోడ్‌లు ఉన్నాయి. హిందువుకు 1, ముస్లింకు 2, క్రైస్తవానికి 3, సిక్కుకు 4, బౌద్ధానికి 5, జైనానికి 6. ఇంకేదైనా చెబితే పేరు పూర్తిగా రాయాలి, కోడ్ వేయకూడదు. మతం లేదని చెప్పినవారికీ కోడ్ లేదు. చివరికి అచ్చయిన పట్టికల్లో 28 లక్షల 67 వేల మంది ‘మతం చెప్పనివారు’ అన్న వరుసలో తేలారు. జనాభాలో అది 0.24 శాతం. 2001లో అదే వరుసలో ఉన్నది ఏడు లక్షల పైచిలుకు. పదేళ్లలో దాదాపు నాలుగింతలైంది. వీళ్లలో మతం వద్దనుకున్నవాళ్లెందరు, చెప్పడం ఇష్టం లేనివాళ్లెందరు, హడావిడిలో ఖాళీగా మిగిలిపోయిన గడులెన్ని? పట్టిక చూసి తెలుసుకునే దారి లేదు. నాస్తికులమని పేరు పెట్టి రాయించుకున్నవాళ్లు మాత్రం అనుబంధంలో విడిగా కనిపిస్తారు. 120 కోట్ల దేశంలో వాళ్లు సుమారు 33 వేలు.

ఆ 33 వేలు చూపించి భారతదేశంలో మతం చెక్కుచెదరలేదని ఒకరు రాస్తారు. నాలుగింతలన్న మాట పట్టుకుని దేశం మతానికి దూరమవుతోందని మరొకరు రాస్తారు. ఈ పట్టిక మీద ఆ రెండు మాటలూ నిలబడవు. మతం గడిలో వచ్చే అంకె మనుషుల నమ్మకం గురించి చెప్పేది తక్కువ. ప్రశ్న ఎలా అడిగారు, ఏ జవాబులు ముందే అచ్చువేసి ఇచ్చారు, ఏ జవాబు చెబితే ఏం పోతుంది అన్న మూడింటి గురించి చెప్పేదే ఎక్కువ. దీనికి రుజువులు విదేశాల్లోనూ ఉన్నాయి, కృష్ణా గుంటూరు జిల్లాల పల్లెల్లోనూ ఉన్నాయి.

ముందుగా ఈ అంకెల మీద నూరేళ్లుగా నడుస్తున్న తగాదా చూడాలి. ఆధునికత పెరిగేకొద్దీ మతం తగ్గుతుందా? సమాజశాస్త్రంలో దీన్నే లౌకికీకరణ వాదం అంటారు. 1917లో మ్యూనిక్‌లో చేసిన ఒక ప్రసంగంలో జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్, లోకంలో దేన్నైనా లెక్కకట్టి వశం చేసుకోవచ్చన్న నమ్మకం పెరిగి, మహిమలకు చోటు తగ్గిపోతోందని చెప్పాడు. 1966లో ఆక్స్‌ఫర్డ్‌లో బ్రయన్ విల్సన్, 1967లో అమెరికాలో పీటర్ బెర్గర్ ఆ ఆలోచనను సిద్ధాంతంగా నిలబెట్టారు. ఇరవై ఒకటో శతాబ్దం వచ్చేసరికి విశ్వాసులు చిన్న చిన్న గుంపులుగానే మిగులుతారని 1968లో బెర్గర్ ఒక పత్రికతో అన్నాడు. అప్పటికే డేవిడ్ మార్టిన్ ఈ వాదంలో పరిశోధన కంటే సిద్ధాంతకర్తల కోరికే ఎక్కువని హెచ్చరించాడు, కానీ వినిపించుకున్నవాళ్లు తక్కువ.

1979లో ఇరాన్ విప్లవం వచ్చింది. అదే ఏడాది అమెరికాలో మోరల్ మెజారిటీ అనే క్రైస్తవ రాజకీయ సంఘం పుట్టింది. మరుసటి ఏడాది పోలండ్‌లో కార్మికుల సాలిడారిటీ ఉద్యమం వెనక కేథలిక్ చర్చి నిలబడింది. ఇంటికి పరిమితమవుతుందనుకున్న మతం వీధిలోకి, ఆ వీధి నుంచి అధికార పీఠం దాకా వచ్చింది. 1999లో బెర్గర్ తన పాత వాదం తప్పని ఒప్పుకుంటూ ఒక పుస్తకాన్నే సంకలనం చేశాడు. అదే ఏడాది మరో అమెరికన్ సమాజశాస్త్రవేత్త రాడ్నీ స్టార్క్ లౌకికీకరణ సిద్ధాంతానికి సంతాప వ్యాసం రాశాడు.

సంతాపం తొందరపాటని ఆ తర్వాతి అంకెలు చెప్పాయి. ఇంగ్లండ్, వేల్స్ జనగణనలో క్రైస్తవులమని చెప్పుకున్నవాళ్లు 2001లో దాదాపు 72 శాతం, 2021లో 46.2 శాతం. మతం లేదన్నవాళ్లు అదే కాలంలో 14.8 నుంచి 37.2 శాతానికి చేరారు. ఎప్పటికీ భక్తి దేశమే అనుకున్న అమెరికాలో, ప్యూ పరిశోధన సంస్థ సర్వేల ప్రకారం, క్రైస్తవులు 2007లో 78 శాతం ఉంటే 2023–24 నాటికి 62 శాతం. మతం వీధికెక్కడమూ, మతం తగ్గడమూ ఒకే దేశంలో ఒకేసారి జరగగలవని తేలింది.

ఈ చిక్కుముడిని బాగా విప్పినవాడు సమాజశాస్త్రవేత్త హొసే కాసనోవా. లౌకికీకరణ అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు వాదాలు కలిసిపోయాయని 1994లో రాశాడు. కోర్టు, బడి, ఆసుపత్రి, మార్కెట్ మతం అజమాయిషీ నుంచి విడిపోవడం ఒకటి. నమ్మకం, ఆచరణ తగ్గడం రెండోది. మతం సొంత వ్యవహారంగా మారి ఇంటిలోపలికి వెళ్లిపోవడం మూడోది. ఒకటి జరిగినంత మాత్రాన మిగతా రెండూ జరగాలని లేదు. మన దేశాన్ని ఈ మూడింటి పక్కన పెట్టి చూస్తే ఆయన చెప్పింది ఎంత సరైనదో తెలుస్తుంది. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికే వెళ్తున్నాం, పొలం తగాదాకు కోర్టుకే వెళ్తున్నాం. 2021లో ప్యూ ప్రచురించిన సర్వేలో మాత్రం, దాదాపు 30 వేల మందిని 17 భాషల్లో అడిగితే, 97 శాతం దేవుణ్ణి నమ్ముతామన్నారు. ఇక మతం ఇంటిలోపలే ఉండిపోయిందని మన ఎన్నికల ప్రచారం చూసిన ఎవరూ అనలేరు.

మీ గడి ఈ మూడింటిలో ఏదీ కొలవదు. అది అడిగేది నాలుగోది: నువ్వు ఎవరివాడివి?

పోనీ, ఆ నాలుగోదైనా నికరంగా కొలుస్తుందా అంటే అదీ లేదు. 2001లో బ్రిటన్‌లో ఒకే ఏడాది, ఒకే రోజు రెండు రకాల ఫారాలు పంచారు. ఇంగ్లండ్, వేల్స్‌లో ‘మీ మతం ఏమిటి?’ అని అడిగారు. ఆ ప్రశ్న జాతి మూలం అడిగిన తర్వాత వచ్చింది. స్కాట్లండ్‌లో ‘మీరు ఏ మతానికి, ఏ శాఖకు, ఏ సంఘానికి చెందినవారు?’ అని అడిగారు. స్కాట్లండ్‌లో మతం లేదన్నవాళ్లు 27 శాతం దాటారు, ఇంగ్లండ్, వేల్స్‌లో అందులో సుమారు సగం. సరిహద్దు దాటగానే మతం లేనివాళ్లు రెట్టింపు అయిపోరు. మతం ‘ఏమిటి’ అని అడిగితే పుట్టిన ఇల్లు గుర్తొస్తుంది. ఏ సంఘానికి ‘చెందినవారు’ అంటే, చివరిసారి చర్చికి ఎప్పుడు వెళ్లామో గుర్తొస్తుంది. ఆ తేడాకు ఇంకో ఆధారమూ ఉంది. 2005లో ఇంగ్లండ్‌లో చర్చిలకు వచ్చినవాళ్లను లెక్కపెడితే ఆదివారం ఆరాధనకు వెళ్లేవాళ్లు జనాభాలో 6.3 శాతమే. జనగణనలో క్రైస్తవులమని రాసిన పదిమందిలో తొమ్మిదిమంది దాకా ఆ గడప తొక్కడం లేదన్నమాట.

ఆస్ట్రేలియా అనుభవం మీకు ఇంకా దగ్గరిది. ఈసారి మన పౌరులు ఫోన్లో తమ వివరాలు తామే నింపుకునే వీలు ఇస్తున్నారు కదా, తెర మీద ఏ జవాబు ఎక్కడ ఉంటుందన్నది ఇక చిన్న విషయం కాదు. 2016లో ఆస్ట్రేలియా ‘మతం లేదు’ అన్న జవాబును వరుసలో చివరినుంచి తెచ్చి మొదట పెట్టింది. 2011లో 22.3 శాతంగా ఉన్న అంకె 30.1 శాతానికి చేరింది. అంతా వరుస మార్చిన ఫలితమే అనలేం. 2021లో, మళ్లీ మార్చకుండానే, అది 38.9 శాతం అయింది. కానీ ఆ ఐదేళ్ల పెరుగుదలలో మారిన మనసుల వాటా ఎంత, మారిన కాగితం వాటా ఎంత అన్నది అక్కడి సమాజశాస్త్రవేత్తలు ఇప్పటికీ విడదీసుకోవాల్సి వస్తోంది. ఐర్లండ్ 2022లో ప్రశ్నకు ‘ఉంటే’ అన్న ముక్క జతచేసింది. మీ మతం, ఉంటే, ఏమిటి? కేథలిక్కులు ఆరేళ్లలో 79 నుంచి 69 శాతానికి దిగారు. అక్కడా అదే ప్రశ్న మిగిలింది.

ఆ దేశాలన్నీ ఒక పని చేశాయి. ప్రశ్న ఎలా మారిందో దాచకుండా చెప్పాయి. పాత అంకె పక్కన కొత్త అంకె పెట్టి చదివేవాళ్లకు జాగ్రత్త చెప్పాయి. బ్రిటన్ పార్లమెంటు 2000లో చట్టం సవరించి మరీ, మతం ప్రశ్నకు జవాబు ఇవ్వడం ఇవ్వకపోవడం పౌరుల ఇష్టానికి వదిలింది. మన 1948 జనగణన చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం అడిగిన ప్రతి ప్రశ్నకూ తెలిసిన మేరకు జవాబు చెప్పి తీరాలి. ఒక్క మినహాయింపు ఉంది. ఆచారం ఒప్పుకోకపోతే భార్య తన భర్త పేరు చెప్పనక్కర్లేదు, ఇంట్లో ఆడవాళ్ల పేర్లు చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదు. మనుషుల సంకోచాలను ఇంత సున్నితంగా పట్టించుకున్న చట్టం మతం విషయంలో ఏ వెసులుబాటూ ఇవ్వలేదు.

ఇక మన దగ్గరి సంగతి. ఫిబ్రవరిలో గుణదల కొండ మీద మేరీమాత ఉత్సవాలకు వచ్చే జనంలో కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, తలనీలాలు ఇచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లలో హిందువులు తక్కువేం కాదు. నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకునేవాళ్లను మతం అడిగి వేరుచేయడం ఎవరివల్లా కాదు. ఉగాదినాడు దేవుని కడప వెంకటేశ్వరస్వామి దగ్గరికి ముస్లింలు వస్తారు, స్వామి పెళ్లాడాడని చెప్పే బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ కాబట్టి. తెలంగాణ పల్లెల్లో మొహర్రంనాడు పీరు ఎత్తుకునే భుజం హిందువుది. ప్యూ సర్వేలోనూ ఇదే కనిపించింది. కర్మను నమ్మేవాళ్లు హిందువుల్లో 77 శాతం, ముస్లింలలోనూ సరిగ్గా 77 శాతం, క్రైస్తవుల్లో సగానికి పైగా. అదే సర్వేలో, తమ ఆడపిల్లలు వేరే మతంవాళ్లను పెళ్లి చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యమన్న హిందువులు 67 శాతం. నమ్మకాల్లో గోడలు పల్చగానే ఉన్నాయి. పెళ్లి దగ్గరకొచ్చేసరికి అవే గోడలు గట్టిపడుతున్నాయి. ఒక మతం, ఒక మనిషి, ఒక కోడ్ అన్న గడిలో ఈ రెండింటిలో ఏదీ పట్టదు.

ఈ ఇబ్బంది మీ కార్యాలయానికి కొత్తది కాదు. 1911లో గుజరాత్‌లో కొందరు తమను హిందూ మహమ్మదీయులుగా చెప్పుకుంటే అప్పటి అధికారులకు ఏం చేయాలో పాలుపోలేదు. అదే లెక్కల్లో, హిందువులని ఎవరిని అనాలో తేల్చడానికి గుళ్లలోకి రానిస్తారా, బ్రాహ్మణ పురోహితులు వస్తారా వంటి ప్రశ్నలతో కులాలను పరీక్షించే ప్రయత్నం చేశారు. వలస పాలకుల ఫారం మనుషుల్ని లెక్కపెట్టడంతో ఆగలేదు. ఇటో అటో తేల్చుకోమని ఒత్తిడి తెచ్చింది. ఆదివాసుల మతానికి 1921 దాకా ‘యానిమిస్ట్’ అన్న వరుస ఉండేది. స్వాతంత్ర్యం తర్వాత విడి వరుసే లేకుండా పోయి, ఎక్కువమంది హిందువుల లెక్కలో కలిసిపోయారు. అయినా 2011లో దాదాపు 50 లక్షల మంది సర్నా అని, పది లక్షల పైచిలుకు గోండ్ మతమని అక్షరాల్లో రాయించుకున్నారు. కోడ్ లేకుండానే ఇంతమంది! 2020 నవంబరులో జార్ఖండ్ అసెంబ్లీ సర్నాకు విడి కోడ్ కోరుతూ తీర్మానం చేసింది. కెస్లాపూర్ నాగోబా దగ్గరికి వచ్చే గోండుల్లోనూ, మేడారం గద్దెల దగ్గరికి వచ్చే కోయల్లోనూ ఈ ప్రశ్న బతికే ఉంది.

ఇక జవాబు ఖరీదు. దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు నేల మీద దీనికి ఉన్నంత స్పష్టమైన ఉదాహరణ మరోచోట దొరకడం కష్టం.

1971లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 4.19 శాతం, సుమారు 18 లక్షలు. 1981లో 2.68 శాతం. 1991లో 1.83. 2001లో 1.55. 2011లో 1.34 శాతం, సుమారు 11 లక్షల 30 వేలు. నలభై ఏళ్లలో రాష్ట్ర జనాభా నాలుగు కోట్ల ముప్పై అయిదు లక్షల నుంచి ఎనిమిదిన్నర కోట్ల దగ్గరకు వచ్చింది. క్రైస్తవులు మాత్రం ఏడు లక్షలు తగ్గారు. ఈ అంకెలొక్కటే చూసిన పరిశోధకుడు ఎవరైనా ఇది లౌకికీకరణకు ప్రపంచంలోకెల్లా వేగవంతమైన ఉదాహరణల్లో ఒకటి అనుకోవచ్చు. గుంటూరు, కృష్ణా, ప్రకాశం, గోదావరి జిల్లాల్లో ఏ దళితవాడలోనైనా ఆదివారం పొద్దున నిలబడితే ఆ అనుమానం అక్కడే తీరిపోతుంది. మైకులో పాట, గంటలకొద్దీ ప్రార్థన, కొత్తగా స్లాబ్ వేసిన మందిరం. మతం తగ్గలేదు. దాన్ని చెప్పుకునే ఖరీదు పెరిగింది.

ఆ ఖరీదు 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా నుంచి వచ్చింది. హిందువులు కానివారిని షెడ్యూల్డ్ కులంగా పరిగణించరాదని అది చెప్పింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగ కుటుంబం కాగితం మీద బీసీ-సీ అవుతుంది. ఆ గ్రూపుకు ఉన్నది ఒక్క శాతం రిజర్వేషన్. ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలో పోటీ చేసే హక్కు పోతుంది. ఊళ్లో అవమానం జరిగితే అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. బావి దగ్గర, హోటల్లో, పెళ్లి ఊరేగింపులో ఆ మనిషిని చూసే చూపు మాత్రం మారదు. 1878 జులైలో, కరువు కాలంలో, ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ అనే మిషనరీ ఆధ్వర్యంలో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్ల మునిమనవళ్ల దగ్గరికే 2027లో మీ ఎన్యూమరేటర్ వెళ్తాడు. వాళ్లు ఇంటి గోడ మీద సిలువ ఉంచుకుని ‘హిందూ’ అని రాయిస్తే ఆ అబద్ధం వాళ్లది కాదు. అలా చెప్పక తప్పని స్థితిలో వాళ్లను నిలబెట్టింది ప్రభుత్వం.

బ్రిటన్ సమాజశాస్త్రవేత్త గ్రేస్ డేవీ తన దేశం గురించి, నమ్మకం ఉంది గానీ సభ్యత్వం లేదని సూత్రీకరించింది. డెన్మార్క్‌లో దీనికి ఎదురు. పదిమందిలో ఏడుగురికి జాతీయ చర్చిలో సభ్యత్వం ఉంది, ఆదివారం ఆరాధనకు వెళ్లేవాళ్లు కొద్దిమందే. తెలుగు దళిత క్రైస్తవుల పరిస్థితి ఈ రెండింటిలో దేనికీ చెందదు. నమ్మకమూ ఉంది, సంఘమూ ఉంది, ఆచరణా ఉంది. రాతలో మాత్రమే లేదు. లౌకికీకరణ చర్చలో ఇలాంటి మూడో రకానికి చోటు ఇవ్వకుండా ఆసియా దేశాల జనగణన అంకెలను ప్రపంచ పటాల్లో పోయడం శాస్త్రం కాదు.

ఆ ఉత్తర్వును మార్చడం మీ చేతిలో లేదని తెలుసు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2023 మార్చిలో మార్చమని తీర్మానించింది. జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను కేంద్రం 2022లోనే ఈ విషయం పరిశీలించమని నియమించింది. కానీ మీ చేతిలో ఉన్నది ఒకటుంది. జనగణన చట్టం పదిహేనో సెక్షన్ ప్రకారం మీ ఎన్యూమరేటర్ రాసుకున్న వివరాలను ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు. కోర్టులో సాక్ష్యంగానూ అవి చెల్లవు. ఇంటి మతం ఏదని జనగణనలో రాసినా, ఆ రాత పట్టుకుని ఎవరూ కులం సర్టిఫికెట్ రద్దు చేయించలేరు. ఈ మాట ఊళ్లో ఎంతమందికి చెప్పారు? దండోరా వేయించి, టీవీల్లో తెలుగులో చెప్పించి, ఎన్యూమరేటర్ నోటి వెంట మొదటి వాక్యంగా రావాల్సిన హామీ ఇది. అయినా ఒక చిక్కు ఉంది. కులం వివరాల్లో ఎస్సీ అని రాయాలంటే మతం హిందువో, సిక్కో, బౌద్ధమో అయి ఉండాలన్న నిబంధన ఉన్నంతకాలం భయం పూర్తిగా పోదు. కనీసం ప్రచురించే పట్టిక కింద ఆ నిబంధన ప్రభావాన్ని రాయండి. 1.34 శాతం అన్న అంకె పక్కన ఆ వివరణ లేకపోవడం వల్లే ఒకరు అది క్రైస్తవుల పతనమని, ఇంకొకరు దాచిన మతమార్పిడి అని అరుస్తున్నారు. ఆ అరుపుల మధ్య నలిగేది వాడలో ఉన్న కుటుంబం.

ఇక మతం లేదనేవాళ్ల సంగతి. ఈ నేలకు వాళ్లు పరాయివాళ్లు కారు. గోరాగా అందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడ పటమటకు తెచ్చారు. కులాంతర వివాహాలు, సహపంక్తి భోజనాలు, నిప్పుల మీద నడిచి మహిమ లేదని చూపడం, ఇవన్నీ ఆ కేంద్రం నుంచి సాగాయి. మతం లేదని చెప్పుకోవడం ఆర్టికల్ 25 ఇచ్చే మనస్సాక్షి స్వేచ్ఛలో భాగమేనని 2014లో బొంబాయి హైకోర్టు చెప్పింది. బిడ్డ జనన ధ్రువీకరణ దరఖాస్తులో ‘మతం లేదు, కులం లేదు’ అన్న గడి పెట్టాలని 2023లో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. న్యాయస్థానాలు గుర్తించిన జవాబుకు దేశపు అతిపెద్ద లెక్కలో ఇంకా ఒక కోడ్ అంకె దొరకలేదు.

పైగా ఇంట్లో ఒకరే అందరి తరఫునా జవాబు చెబుతారు. తండ్రి చెప్పిన మతమే ఇరవై రెండేళ్ల కూతురిదీ అవుతుంది. తాను అలా లెక్కలోకి ఎక్కినట్టు ఆ అమ్మాయికి తెలియనైనా తెలియదు. ఇంగ్లండ్‌లో ఇంట్లోవాళ్లకు తెలియకుండా తన వివరాలు విడిగా పంపే వీలు ఉంది. స్వీయ నమోదు పోర్టల్ కడుతున్న మనకు అది ఖర్చుతో కూడిన పనేమీ కాదు.

ఈ జవాబును లెక్కపెట్టడం వల్ల నాస్తికులకు మాత్రమే మేలని అనుకోవడం పొరపాటు. అమెరికాలో మతం లేదనేవాళ్లు 1990లలో 7 నుంచి 14 శాతానికి పెరిగినప్పుడు మైకేల్ హౌట్, క్లాడ్ ఫిషర్ అనే ఇద్దరు సమాజశాస్త్రవేత్తలు కారణం వెతికారు. దేవుణ్ణి నమ్మడం మానేసినవాళ్లు పెద్దగా పెరగలేదు. మత సంస్థలు ఒక రాజకీయ పక్షానికి జెండా మోయడం నచ్చని మధ్యేవాదులు, ఉదారవాదులు ‘నాకు ఏ మతమూ లేదు’ అనడం మొదలుపెట్టారని 2002లో వాళ్లు చూపించారు. రాజకీయం మతాన్ని పెంచుతోందా, విశ్వాసుల్నే దూరం చేస్తోందా? మన దేశంలో ఈ రోజున ఇంతకంటే అవసరమైన ప్రశ్నలు తక్కువ. దానికి జవాబు వెతకడానికి మన దగ్గర జనగణన అంకె లేదు. 2025లో సమాజశాస్త్రవేత్త యోర్గ్ స్టోల్జ్ బృందం వందకు పైగా దేశాల సర్వేలు చదివి, మతం తగ్గే చోట ముందు ఆరాధనకు వెళ్లడం తగ్గుతుందని, తర్వాత జీవితంలో దాని ప్రాముఖ్యం, అన్నిటికంటే చివర ‘నేను ఫలానా మతం’ అనుకోవడం తగ్గుతుందని రాసింది. అది నిజమైతే మీ గడి చివరి మెట్టును మాత్రమే చూస్తోంది. ఆ మెట్టు దగ్గరకు మొదట చేరేవాళ్లు ఎవరో, ఏ జిల్లావాళ్లో, ఆడవాళ్లా మగవాళ్లా, చదువుకున్నవాళ్లా కాదా అన్నది ‘మతం చెప్పనివారు’ అన్న మూటలో కట్టేస్తే ఇంకో పదేళ్లూ తెలియదు.

కోడ్ ఇస్తే ప్రచారాలు మొదలవుతాయని, మాకూ మాకూ అని ప్రతి సంఘమూ అడుగుతుందని మీ కార్యాలయంలో అభ్యంతరం రావచ్చు. ప్రచారాలు వస్తాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2001లో ‘స్టార్ వార్స్’ సినిమాల్లోని జెడై పేరును తమ మతంగా రాసినవాళ్లు 3 లక్షల 90 వేల మంది. వాళ్లనూ లెక్కపెట్టి, మతం లేనివాళ్లలో కలిపి, ఆ సంగతి బయటకు చెప్పారు. లెక్క కూలిపోలేదు. వేల కొద్దీ కులాల పేర్లకు కోడ్‌లు సిద్ధం చేయబోతున్న యంత్రాంగానికి మతం గడిలో ఇంకొన్ని అంకెలు భారం అనడం నమ్మదగ్గది కాదు.

కాబట్టి అడిగేవి ఇవి. ‘మతం లేదు’, ‘చెప్పడం ఇష్టం లేదు’ అన్న రెండు జవాబులకూ విడివిడిగా కోడ్‌లు ఇవ్వండి, పట్టికల్లో వాటిని కలపకండి. ఆదివాసీ మతాల పేర్లు పోర్టల్ జాబితాలో పైకే కనిపించాలి. పేరు వినగానే మతం నింపేయడం తప్పని ఎన్యూమరేటర్లకు, వాళ్లలో ఎక్కువమంది మన బడి పంతుళ్లే, శిక్షణలో చెప్పండి. పదిహేనో సెక్షన్ హామీని ఇంటింటికీ చేర్చండి. ప్రశ్న పాఠం, జవాబుల వరుస అన్ని భాషల్లోనూ ముందే బయటపెట్టండి. 2011 ఫిబ్రవరిలో సేకరించిన మతం వివరాలు 2015 ఆగస్టులో, బిహార్ ఎన్నికల ముందు వచ్చాయి. ఈసారి విడుదల తేదీని లెక్క మొదలుకాకముందే ప్రకటించండి, దానికే కట్టుబడండి. ఇక 1971 నుంచి 2011 దాకా ఆంధ్రప్రదేశ్ క్రైస్తవుల అంకెలు ఎందుకలా దిగాయో వివరిస్తూ మీ కార్యాలయం నుంచే ఒక అధ్యయన పత్రం రావాలి. ఆ పత్రం తెలుగులో కూడా రావాలి, ఎందుకంటే అందులో ఉండేది ముందుగా ఇక్కడి వాడల కథ.